కండ, కంచం



స్మారకోపన్యాసం అనగానే మొదటి పది నిమిషాలు పోయినవారి గుణగణాలకు ఇవ్వడం ఆనవాయితీ. ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ ఫిజియోథెరపిస్టును నేను ‘మేడమ్’ అనే అంటాను. వార్డులో ఆయాల దగ్గర్నుంచి సర్జన్ల దాకా ఆవిడను అలాగే పిలిచేవారు. ఫిజియోథెరపీ అంటే ఎముకలు విరిగినవాళ్ళకీ పక్షవాతం వచ్చినవాళ్ళకీ మాత్రమే అనుకునే రోజుల్లో, ఎవరూ పిలవకపోయినా కేన్సర్ వార్డుకు వెళ్ళి, రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళ చేతులు కొలిచేది. దర్జీ టేపే ఆవిడ పరికరం. మోచేతి మడత దగ్గర స్కెచ్ పెన్నుతో ఒక గీత, అక్కణ్ణుంచి పైకి 10 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, కిందికి 10 సెంటీమీటర్ల దగ్గర ఒకటి. టేపు చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. రెండో చెయ్యి కూడా సరిగ్గా అదే చోట కొలవాలి. తేడా 2 సెంటీమీటర్లు దాటితే పుస్తకంలో ఎర్ర సిరాతో రాసేది. నా చేతికి మొదట ఆ టేపు ఇచ్చింది ఆవిడే. గుణగణాలు ఇక్కడితో ఆపి పనిలోకి వస్తాను.

రొమ్ము కేన్సర్ వైద్యం ముగించుకుని ఇంటికొచ్చిన మనిషికి మనం రెండు మేళ్ళు చేస్తున్నామనుకుంటాం. ఒకటి విశ్రాంతి, రెండోది పథ్యం. నా అనుభవంలో ఈ రెండింటి పేరుతోనే ఆమె ఒంట్లో మిగిలిన కాస్త కండనీ కరగబెడుతున్నాం. ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ కండ గురించే. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1,92,000 మంది ఆడవాళ్ళకు కొత్తగా ఈ జబ్బు బయటపడుతోంది. ఇప్పుడున్న మందులతో వీళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి బతుకుతారు. ఆ ఏళ్ళు ఎలా గడవాలన్నది ఆపరేషన్ థియేటర్‌లో తేలే సంగతి కాదు.

ముందు చేతి సంగతి చూద్దాం.

‘ఆ చేత్తో బరువెత్తకు’ అన్న మాట విననివాళ్ళు ఈ హాల్లో ఉన్న పేషెంట్లలో ఒక్కరూ ఉండరు. బిందె ఎత్తకు, పిల్లాణ్ణి ఎత్తుకోకు, బట్టలు పిండకు అంటారు. ఈ మాట ఊరికే పుట్టలేదు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హాల్‌స్టెడ్ అనే సర్జన్ పేరు మోసిన ఆపరేషన్ ఒకటుంది. రొమ్ముతో పాటు దాని కింద ఉన్న ఛాతీ కండరాలనీ, చంకలో ఉన్న లింఫు గ్రంథులన్నింటినీ కలిపి తీసేసేవారు. దశాబ్దాల పాటు ప్రపంచమంతా అదే పద్ధతి. అలా కోసిన తర్వాత చాలామందికి చెయ్యి వాచి, మొద్దులా బిగిసిపోయేది.

ఎందుకు వాస్తుందంటే, డెల్టా రైతుకు చెప్పక్కర్లేదు. పొలానికి పంట కాలువ ఎంత అవసరమో మురుగు కాలువ కూడా అంతే అవసరం. చేతికి రక్తం వెళ్ళే దారులు వేరు. కణాల మధ్య మిగిలిన నీటిని వెనక్కి లాగే సన్నటి లింఫు నాళాలు వేరు. ఆ నాళాలు చంకలోని గ్రంథుల గుండా వెళ్తాయి. ఆ గ్రంథులు తీసేసినా, వాటి మీద కరెంటు (రేడియేషన్) పెట్టినా దారి ఇరుకవుతుంది. చేతికి ఎక్కువ పని చెబితే రక్తం ఎక్కువ పారుతుంది, నీరు ఎక్కువ ఊరుతుంది, ఇరుకు దారిలో అది పోలేదు, కాబట్టి పని చెప్పొద్దు అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ చాలాకాలం ఎవరూ పరీక్షించి చూడలేదు.

చూసినవాళ్ళలో మొదట చెప్పుకోవలసినవాడు కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ. క్రీడా వైద్యం డాక్టరు. 1996లో రొమ్ము కేన్సర్ వైద్యం అయిన 24 మంది ఆడవాళ్ళను పోగుచేసి డ్రాగన్ పడవ ఎక్కించాడు. డ్రాగన్ పడవ పందెమంటే మన గోదావరి మీద షికారు కాదు. భుజం, చెయ్యి, ఛాతీ అన్నీ కలిసి తెడ్డు లాగాలి, మళ్ళీ మళ్ళీ లాగాలి. చేతులు వాచిపోతాయని అందరూ భయపడ్డారు. ఆ సీజన్ ముగిసేసరికి కొత్తగా ఒక్కరికీ వాపు రాలేదు. 24 మంది లెక్క చిన్నదే, శాస్త్రానికి అది చాలదు. అయితే అడగవలసిన ప్రశ్నను ఆ ఆడవాళ్ళే నీళ్ళ మీదికి తెచ్చారు.

జవాబు 2009లో వచ్చింది. అమెరికాలో కాత్రిన్ ష్మిట్జ్ బృందం అప్పటికే చెయ్యి వాచి ఉన్న 141 మందిని తీసుకుంది. సగం మందికి వారానికి రెండుసార్లు బరువులెత్తే వ్యాయామం. దాదాపు ఏమీ లేని బరువుతో మొదలుపెట్టి, చేతికి బిగుతు తొడుగు వేసుకుని, మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవడం, పై పరిమితి అంటూ లేకుండా. మిగతా సగం మంది మామూలుగా ఉన్నారు. ఏడాది తర్వాత చూస్తే, వాపు ముదిరి వైద్యం అవసరమైనవాళ్ళు బరువులెత్తినవాళ్ళలో 14 శాతం, ఎత్తనివాళ్ళలో 29 శాతం. మరుసటి ఏడాది అదే బృందం ఇంకా వాపు రాని వాళ్ళ ఫలితాలు ఇచ్చింది. చంకలో 5 లేదా అంతకన్నా ఎక్కువ గ్రంథులు తీసేసినవాళ్ళలో కొత్తగా వాపు వచ్చినవాళ్ళు వ్యాయామం చేసినవైపు 7 శాతం, చెయ్యనివైపు 22 శాతం. కండ ముడుచుకుని విడిచినప్పుడల్లా లింఫు నాళాన్ని పిండుతుంది. పని మానేసిన చేతికి ఆ పిండే శక్తీ పోతుంది, రేపు గ్యాస్ సిలిండర్ జరపాల్సి వచ్చినప్పుడు తట్టుకునే శక్తీ పోతుంది. వచ్చే చిక్కంతా ఆ రెండోదానితోనే. ఏడాదంతా చేతిని దాచుకుని, పండగ రోజు ఇల్లంతా కడిగినవాళ్ళే వాపుతో మా దగ్గరికి పరుగెత్తుకొస్తారు.

ఇంకో మాట. ఆ చేతికి బీపీ చూడకూడదు, సూది వెయ్యకూడదు అంటారు కదా. అమెరికాలో కొన్ని వందల మందిని ఏళ్ళ తరబడి కొలుస్తూ వచ్చి 2016లో ప్రచురించిన ఫలితాల్లో వాటికీ వాపుకీ సంబంధం కనబడలేదు. సంబంధం కనబడింది నాలుగు విషయాలకు: చంకలో గ్రంథులన్నీ తీసెయ్యడం, అక్కడ కరెంటు పెట్టడం, ఒళ్ళు బరువు, చర్మానికి ఇన్ఫెక్షన్. అవతలి చెయ్యి బాగా ఉన్నప్పుడు సూది ఆ చేతికే వేయించుకోండి, అందులో నష్టమేమీ లేదు. రెండు వైపులా ఆపరేషన్ అయిన మనిషి మాత్రం ప్రతి పరీక్షకూ వణికిపోనక్కర్లేదు.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి? ఆపరేషన్ మర్నాడే పిడికిలి మూసి తెరవడం, మోచెయ్యి మడిచి చాపడం మొదలుపెట్టవచ్చు. గాయం నుంచి నీరు బయటికి పోవడానికి పెట్టిన గొట్టం ఉన్నన్నాళ్ళూ చెయ్యిని భుజం ఎత్తు దాటనివ్వకపోవడం సాధారణంగా పాటించే పద్ధతి. గొట్టం తీశాక, సర్జన్ సరే అన్నాక, పైకి. మేడమ్ ఇక్కడ పెద్ద పరికరాలేమీ వాడేది కాదు. గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్ళతో గోడ మీద మెట్లెక్కినట్టు పైకి పాకించి, అందిన చోట పెన్సిల్ గీత పెట్టేది. మర్నాడు ఆ గీత దాటాలి. వార్డు గోడ నిండా గీతలు. వాటి పక్కన మంచం నంబర్లు, తేదీలు. సున్నం వేయడానికొచ్చినవాళ్ళతో ఆవిడకు ఏటా గొడవే. తల దువ్వుకోవడం, జడ వేసుకోవడం, జాకెట్టు హుక్కులు వెనక్కి పెట్టుకోవడం, ఇవన్నీ వ్యాయామం కిందే లెక్క. నూతిలో నీళ్ళు తోడే రోజులైతే ఆవిడ మా విభాగానికి గిలక కొనమని అర్జీ పెట్టేది కాదు. ఆ అర్జీ మంజూరు కావడానికి ఎన్నేళ్ళు పట్టిందో చెప్పను.

బ్రిటన్‌లో 392 మంది మీద చేసి 2021లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. భుజం పట్టేసే ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకు ఆపరేషన్ అయిన 7–10 రోజుల నుంచే ఫిజియో దగ్గర క్రమపద్ధతిలో వ్యాయామం చేయించారు. కాగితం ఇచ్చి పంపించినవాళ్ళతో పోలిస్తే ఏడాది తర్వాత వీళ్ళ చెయ్యి మెరుగ్గా పనిచేసింది. మన దగ్గర కాగితం ఇచ్చేవాళ్ళే తక్కువ. ఈ వ్యాయామం అవసరం కరెంటు పెట్టే రోజు తెలుస్తుంది. ఆ బల్ల మీద వెల్లకిలా పడుకుని చెయ్యి తల మీదికి ఎత్తి కదలకుండా ఉండాలి, వారాల తరబడి రోజూ. భుజం బిగుసుకుపోయినామె ఎత్తలేదు. ఎత్తలేకపోతే ప్లాన్ వెయ్యడమే కుదరదు, తేదీ వెనక్కి పోతుంది. కేన్సర్ వైద్యం ఆలస్యమయ్యేది ఒక్కోసారి ఇలాంటి చిన్న కారణానికి.

కొందరికి ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు చంక నుంచి మోచెయ్యి దాకా తాడు లాగినట్టు నరం లాంటిది ఒకటి తేలుతుంది. చెయ్యి పైకెత్తితే చర్మం కింద తీగలా కనిపిస్తుంది. జబ్బు తిరగబెట్టిందని బెంబేలెత్తి, చెయ్యి కదపడం మానేసి, మెడలో గుడ్డ కట్టుకుని వస్తారు. అది కేన్సర్ కాదు. సాగదీసే వ్యాయామంతో చాలామందికి సర్దుకుంటుంది. కదపడం మానేస్తేనే మొండికేస్తుంది.

తర్వాతి మెట్టు బరువులు, నడక. 2019లో అంతర్జాతీయ నిపుణులు చెప్పిన మోతాదు తేలిగ్గా గుర్తుంటుంది: వారానికి మూడు రోజులు, రోజుకు 30 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేట్టు నడక లాంటిది, వారానికి రెండు రోజులు కండకు బరువుతో పని. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ నడక వేగం. బరువుకు అర లీటరు నీళ్ళ సీసా చాలు మొదట్లో. వారం పదిరోజులు ఏ ఇబ్బందీ లేకపోతేనే పెంచడం.

ఇక్కడ నాకు తరచూ ఎదురయ్యే మాట, ‘పొద్దున్నుంచీ ఇంటి పని చేస్తూనే ఉన్నాగా అమ్మా, మళ్ళీ వ్యాయామమేమిటి?’ అని. ఇంటి పని అలసట ఇస్తుంది, నిజమే. కానీ అది ఒకే కండను ఒకే తీరుగా గంటల తరబడి వాడుతుంది, గుండెను గట్టిగా కొట్టుకోనివ్వదు, ఎప్పుడు ఆపాలో ఆమె చేతిలో ఉండదు. వ్యాయామం అంటే కొలత ఉన్న పని. కీమో తర్వాత వచ్చే నీరసం పడుకుంటే తగ్గేది కాదు, పడుకునేకొద్దీ పెరుగుతుంది. దానికి ఇప్పటిదాకా రుజువైన మందుల్లో నడక ఒకటి. మన ఊళ్ళలో ఆడమనిషి ఒంటరిగా చీకటితో నడవడానికి కుక్కలూ, తవ్వేసిన రోడ్లూ, ‘ఎక్కడికి బయల్దేరావు’ అనే ప్రశ్నలూ అడ్డమే. డాబా మీద నడవండి. గుండు మీద స్కార్ఫు జారినా చూసేవాళ్ళుండరు.

నడిస్తే కేన్సర్ తిరిగి రాదా అని అడుగుతారు. జాగ్రత్తగా చెప్పాల్సిన విషయం. అమెరికాలో 2,987 మంది నర్సులను గమనించి 2005లో ప్రకటించిన లెక్కల్లో, వారానికి 3 నుంచి 5 గంటలు నడిచినవాళ్ళలో రొమ్ము కేన్సర్ మరణాలు నడవనివాళ్ళతో పోలిస్తే సుమారు సగమే. అయితే ఆరోగ్యం బాగున్నవాళ్ళే నడుస్తారేమో అన్న అనుమానం ఇలాంటి లెక్కలను వదలదు. 2025లో పెద్దపేగు కేన్సర్ మీద చీటీలు తీసి రెండు జట్లుగా విడదీసి చేసిన పరిశోధన వెలువడింది. 889 మందిలో, మూడేళ్ళ పాటు దగ్గరుండి వ్యాయామం చేయించిన జట్టులో ఐదేళ్ళకు జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు 80.3 శాతం, పుస్తకం చేతికిచ్చి వదిలేసిన జట్టులో 73.9 శాతం. అది పేగు, ఇది రొమ్ము. ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టను. కానీ వ్యాయామాన్ని మందు చీటీ మీద రాయడానికి సిగ్గుపడే డాక్టర్లకు ఇది చూపిస్తుంటాను.

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ అనే హార్మోను వైద్యం బిళ్ళలు వేసుకునేవాళ్ళకు వ్యాయామానికి ఇంకో కారణం ఉంది. పొద్దున లేవగానే వేళ్ళు ముడవలేనంత కీళ్ళ నొప్పులు. ఆ బాధకే బిళ్ళ మానేసేవాళ్ళున్నారు. 121 మంది మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాది వ్యాయామంతో తీవ్రమైన నొప్పి సుమారు 29 శాతం తగ్గింది. ఆ బిళ్ళలు ఎముకనూ పలచబరుస్తాయి. ఎముకకు కావలసింది బరువు మోసే పని, దానితో పాటు కాల్షియం. మన రాగులు 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాములకు పైనే ఉంది.

రాగుల పేరు వచ్చింది కాబట్టి కంచం దగ్గరికి వెళ్దాం.

కోత పడిన ఒంటికి మన ఇళ్ళలో పెట్టే పథ్యం అందరికీ తెలుసు. పప్పు తింటే చీము పడుతుంది. వంకాయ దురద. గుడ్డు వేడి. పెరుగు చలవ, జలుబు చేస్తుంది. బంగాళాదుంప వాతం. అన్నీ తీసెయ్యగా మిగిలింది కారప్పొడి, చారు, బ్రెడ్డు, బీరకాయ. అంటే గాయం మానడానికీ కండ నిలవడానికీ కావలసిన మాంసకృత్తులన్నింటినీ వరసపెట్టి నిషేధించాం. ఇది పెద్దవాళ్ళ ప్రేమే, దాని మీద నాకు వెటకారం లేదు. మందులు లేని కాలంలో గాయం చీము పట్టడం నిత్యం చూసినవాళ్ళు, ఏదో ఒక కారణం వెతుక్కున్నారు. చీముకు కారణం క్రిమి. పప్పు కాదు.

ఇంకా చిక్కేమిటంటే, ఈ పథ్యం మీద ఉన్న మనిషి బక్కచిక్కదు. చాలామందికి కీమో కాలంలో బరువు పెరుగుతుంది. కండ తరిగి కొవ్వు చేరుతుంది, త్రాసు ముల్లు మాత్రం పైకే పోతుంది. ఇంట్లోవాళ్ళు ‘ఒళ్ళు చేసింది, కోలుకుంది’ అని సంతోషిస్తారు. ఆమెకు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం రాదు.

వైద్యం సాగుతున్నప్పుడు కిలో బరువుకు రోజుకు కనీసం 1 గ్రాము, వీలైతే 1.5 దాకా మాంసకృత్తులు కావాలని నిపుణుల మాట. 60 కిలోల మనిషికి 60 గ్రాములకు తగ్గకుండా. రెండు గుడ్లకు 12, రెండు పూటలా కలిపి 60 గ్రాముల కందిపప్పుకు 13, గ్లాసుడు పాలూ కప్పు పెరుగూ కలిపి 11, గుప్పెడు వేరుశనగ గుళ్ళకు 7, అన్నం రొట్టెల్లోంచి 20 దాకా. సరిపోయింది. పౌడరు డబ్బా ఎక్కడా రాలేదు చూడండి. పప్పు గట్టిగా ఉండాలి. సాంబారు పేరుతో వచ్చే పసుపు నీళ్ళను పప్పు కింద రాసుకోకండి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన సూచనల్లో రోజుకు 2,000 కేలరీల కంచానికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు అంది. మన కంచంలో ఈ లెక్క తిరగబడి ఉంటుంది. పులుసన్నం కొండంత, కూర అంచున.

నోరు పూసి, ఏదీ రుచించని కీమో వారంలో ఈ లెక్కలు పనికిరావు. అప్పుడు పోయేది పోనివ్వండి: చల్లటి పెరుగన్నం, మెత్తటి పెసరపప్పు కిచిడీ, జావలో పాలు, గంటకోసారి నాలుగు ముద్దలు. తెల్ల కణాలు పడిపోయినప్పుడు బయటి చెరకు రసం, కోసి పెట్టిన పండ్లు వద్దు. అంతకుమించి ఆ వారం నీతులు చెప్పకపోవడమే మేలు.

పంచదార కేన్సర్‌కు మేత అని అన్నమే మానేసినవాళ్ళను చూశాను. ఒంట్లో ప్రతి కణానికీ గ్లూకోజు కావాలి. అన్నం మానినంత మాత్రాన కణితి పస్తుండదు, మనిషి పస్తుంటుంది. తీపి తగ్గించాల్సింది బరువు కోసం, షుగరు జబ్బు కోసం. మీల్‌మేకర్ తినకూడదట కదా అని ఇంకో భయం. సోయాలో ఆడ హార్మోను లాంటిది ఉందని. షాంఘైలో 5,042 మంది రోగులను గమనించి 2009లో ప్రకటించిన ఫలితం దీనికి ఎదురుగా ఉంది: సోయా ఎక్కువ తిన్నవాళ్ళలోనే మరణాలు తక్కువ. కూరలో నాలుగు మీల్‌మేకర్ ముక్కలకు ఎవరూ భయపడనక్కర్లేదు. పసుపు సంగతి వేరే. పోపులో చిటికెడు వేసుకోండి. గాఢమైన పసుపు బిళ్ళలు, అందులోనూ మిరియాల సారంతో కలిపినవి, హార్మోను వైద్యంలో ఇచ్చే టామోక్సిఫెన్ వాడుతూ మింగొద్దు. రక్తంలో ఆ మందు స్థాయి తగ్గినట్టు నెదర్లాండ్స్‌లో ఒక చిన్న పరిశోధనలో తేలింది. కల్లు, సారా, వైను ఏదైనా రొమ్ముకు చేటే. పల్లెల్లో ఆడవాళ్ళు అడగరు కాబట్టి మేమే చెప్పాలి.

మరి ఏ తిండి తింటే జబ్బు తిరిగి రాదు? అమెరికాలో రెండు పెద్ద పరిశోధనలు జరిగాయి. ఒకదానిలో 3,088 మంది. కూరగాయలు, పండ్లు, పీచు బాగా పెంచి ఏడేళ్ళ పైన చూస్తే తేడా లేదు. ఇంకోదానిలో 2,437 మంది. కొవ్వు తగ్గించి తిన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టింది 9.8 శాతం, మామూలుగా తిన్నవాళ్ళలో 12.4 శాతం. ఆ రెండోదానిలో తిండి మార్చినవాళ్ళు రెండున్నర కిలోలకు పైగా బరువు కూడా తగ్గారు. మేలు కొవ్వు తగ్గించినందుకా, బరువు తగ్గినందుకా అన్నది విడదీయడం కష్టం. నా మటుకు నేను మాయ పండు, మాయ ఆకు వెతకడం మానేసి నడుము కొలత చూస్తాను.

ఇంతా చెప్పి అసలు అడ్డు చెప్పకపోతే లాభం లేదు. వండేది ఆమె, ఆఖర్న తినేది ఆమె. గుడ్డు పిల్లలకు, పెరుగు మీగడ భర్తకు, అడుగంటిన పప్పు ఆమెకు. ఆహార నియమాలు భర్తనూ అత్తగారినీ పక్కన కూర్చోబెట్టి చెప్పేది మేడమ్. ‘బాబాయిగారూ, వారానికి మూడు రోజులు అరగంట ఈవిడ డాబా మీద ఉంటుంది, ఆ అరగంట స్టవ్వు మీరు చూసుకోవాలి’ అని భర్తలను ఒప్పించేది. కొందరు ఒప్పుకున్నారు. కొందరు ఆ తర్వాత ఓపీకి రావడం మానేశారు.

చివరగా, డాక్టర్లకు ఒక విన్నపం. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్ల కింద మూడు ముక్కలు రాయండి: చెయ్యి ఎప్పటి నుంచి భుజం దాటించవచ్చో, రోజుకు ఎన్ని గ్రాముల మాంసకృత్తులో, ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలో. ఎముకకు జబ్బు పాకినవాళ్ళు, గుండె మీద ప్రభావం చూపే కీమో తీసుకున్నవాళ్ళు బరువుల జోలికి పోయేముందు తప్పక అడగాలని కూడా. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది వ్యాయామం వల్ల వచ్చిన నొప్పి కాదు, ఇన్ఫెక్షన్; ఆ రోజే యాంటీబయాటిక్ మొదలవ్వాలి, సోమవారం ఓపీ దాకా ఆగకూడదు.